కూలి పెంపు గొడవలో ఏ దారి పట్టాలి: బేరమా, పంచాయితీనా, లేబర్ ఆఫీసా?

తాడిపత్రిలో ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే గుమాస్తాగా చేరి, చివరికి కార్మికుల కమిటీలో కూర్చున్నవాణ్ణి నేను. ఓనరు గదిలోనూ టీ తాగాను, కటింగ్ మిషన్ పక్కన తడి బండల మీద కూర్చునీ తాగాను. అందుకే చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి ఎవరైనా ఫోన్ చేసి "అన్నా, ఈసారి కూలి సంగతి పెద్దమనిషి దగ్గర పెడదామా, మనమే మాట్లాడుకుందామా" అని అడిగితే వెంటనే జవాబు చెప్పను. ముందు ఒక మాట అడుగుతాను: "బేరం తెగకపోతే పంచాయితీకి పోతారని మీ ఓనరుకు ఇప్పటికే తెలుసా?" తెలుసు అంటే మీ బేరం సగం చచ్చిపోయినట్టే. ఎందుకో మా ఫ్యాక్టరీలో జరిగిందే చెప్తాను.

మొదటిసారి మా రోజు కూలి 520 రూపాయలు. మేం 700 అడిగాం, ఓనరు 560 అన్నాడు. రెండు నెలలు తిరిగాం, తెగలేదు. ఊర్లో అందరూ మాట వినే ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉంటే, ఆయన ఏది చెబితే అది అని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆయన కాటా రూములో కూర్చుని, మా కాగితాలు తిరగేసి, ఓనరు కాగితాలు తిరగేసి, మజ్జిగ తాగి, లోడింగ్ చీటీ వెనక పెన్సిల్‌తో 630 అని రాశాడు. 560, 700 కూడి రెండుతో భాగిస్తే వచ్చేదే అది. అందరూ సంతోషంగా ఇళ్లకు పోయాం. ఆ సంతోషమే మూడేళ్ల తర్వాత మా కొంప ముంచింది.

రెండోసారి కమిటీలో కూర్చున్నప్పుడు ఒకరు 750 అడుగుదాం అన్నారు. పాలిష్ మిషన్ మీద ఇరవై ఏళ్లు పనిచేసిన పెద్దాయన నవ్వి, "750 అడిగితే నడిమికి కోసి 690 ఇస్తారప్పా. 900 రాయి" అన్నాడు. రాశాం. అవతల నా పాత కుర్చీలో కూర్చున్న కొత్త గుమాస్తా కూడా ఓనరుకు అదే లెక్క చెప్పాడట: "640 దాటొద్దు సార్, మనం ఎంత పైకి పోతే నడుమ అంత పైకి పోతుంది." నాలుగు మీటింగులు జరిగితే ఒక్క రూపాయి ఎవరూ కదల్లేదు. ఎందుకు కదులుతారు? మనం పది రూపాయలు దిగితే ఆఖరి తీర్పులో అయిదు రూపాయలు పోయినట్టే కదా. ఈసారి ఆ లెక్చరర్ నడిమికి కోయలేదు. 900, 640 రెండూ నాటకాలే అనుకున్నాడేమో, బేతంచెర్లలో ఇదే పనికి ఎంత ఇస్తున్నారో, మూడేళ్లలో ధరలు ఎంత పెరిగాయో చూసి 680 అన్నాడు. తర్వాత ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని అన్నం తింటుంటే ఓనరే నాతో అన్నాడు, "710 దాకా ఇద్దామనే అనుకున్నానప్పా, మీరు 900 దగ్గరే కూర్చుంటిరి" అని. మా కమిటీ లోపల అనుకున్నది 690 వస్తే చాలని. అంటే 690కీ 710కీ మధ్య ఇద్దరికీ నచ్చే చోటు ఉంది, ఇద్దరం దాని మీది నుంచే నడిచిపోయాం, కింద చూడలేదు.

దీనికి వేతనాల శాస్త్రంలో పేరుంది, చిల్లింగ్ ఎఫెక్ట్ అంటారు. ఆఖరున మూడోవాడు తేలుస్తాడని తెలిస్తే బేరం గడ్డకట్టిపోవడం. దానికి తమ్ముడు ఇంకోటుంది, నార్కోటిక్ ఎఫెక్ట్. ఒకసారి మూడోవాడి దగ్గరికి పోయినవాళ్లు మళ్లీ మళ్లీ పోతారు, బేరమాడే అలవాటే తప్పిపోతుంది, మందు అలవాటైనట్టు. మా సీమలో దీన్ని వివరించక్కర్లేదు. గట్టు తగాదా నుంచి పెళ్లి కట్నం దాకా ఏదైనా పంచాయితీలో పెట్టే ఊర్లు, అన్నదమ్ములిద్దరూ ఒక్క గంట ఎదురెదురుగా కూర్చోలేని ఊర్లు మనం చూసినవే.

అయితే తీర్పు చెప్పే ఈ మూడోవాళ్లంతా, ఆర్బిట్రేటర్లంటారు వాళ్లను, గుడ్డిగా సగానికి కోస్తారని అనుకోకండి. అమెరికా ఆర్థికవేత్త హెన్రీ ఫార్బర్ 1981లో దీని మీద ఒక మంచి మాట చెప్పాడు: తీర్పు నడిమిలో పడినట్టు కనపడుతుంది కానీ, అసలు జరిగేది తిరగేసి చూడాలి. ఇద్దరూ ఆర్బిట్రేటర్ మనసులో ఎంత ఉందో ముందే ఊహించి, దానికి అటొకరు ఇటొకరు సమదూరంలో నిలబడతారు, కాబట్టి తీర్పు ఎటూ నడిమిలోనే పడుతుంది. మా 680 చూస్తే నాకు ఆయన మాట నిజమనిపిస్తుంది. మేం సమదూరంలో నిలబడలేదు, కాబట్టి నడిమి కూడా రాలేదు. 900 అని రాసి మేం సాధించింది ఒక్కటే, ఆ లెక్చరర్ మా కాగితాలు నమ్మడం మానేశాడు.

ఇక ఉన్న దారులు చూద్దాం. మాటల్లో ఒక గందరగోళం ముందే తీసేయాలి. తెలుగులో మధ్యవర్తి అని ఇద్దరినీ అంటాం కానీ ఇద్దరూ వేరు. లేబర్ ఆఫీసులో కూర్చుని ఇద్దరికీ నచ్చజెప్పేవాడు రాజీ కుదిర్చేవాడు మాత్రమే, ఆయన మాట మీరు వినకపోవచ్చు. ఆర్బిట్రేటర్ తీర్పు చెప్పేవాడు, సంతకం పెట్టాక ఆయన మాట వినక తప్పదు. ఈ తేడా తెలియక "లేబర్ ఆఫీసరు మా వైపు తీర్పు ఇవ్వలేదు" అని ఏడ్చేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆయనకు ఆ అధికారమే లేదు.

నేరుగా బేరం

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఇదే మొదటి దారి, కుదిరితే ఇదే ఆఖరి దారి. దీనికున్న ఒక్క గొప్ప లాభం మాత్రం చాలామంది గుర్తించరు. బేరంలో వస్తువులు మార్చుకోవచ్చు. మా ఫ్యాక్టరీలో అసలు గొడవ కూలి రేటు కంటే కరెంటు పోయిన రోజుల గురించి. మిషన్ ఆగితే అడుగు లెక్కన పనిచేసేవాడికి ఆ రోజు సున్నా. ఇంకోటి, బ్లేడు మార్చే గంటన్నర ఎవరి ఖాతాలో పడాలి? గ్లౌజులు ఎవరు కొనాలి? ఇవన్నీ ఓనరుకు పెద్ద ఖర్చు కాదు, మాకు పెద్ద లెక్క. కూలిలో పది రూపాయలు వదులుకుని కరెంటు పోయిన రోజు సగం కూలి సంపాదించడం బేరంలోనే సాధ్యం. మూడోవాడి ముందుకు పోగానే ఇవన్నీ పక్కకు పోయి ఒక్క అంకె మిగులుతుంది, దాని మీదే అందరూ కొట్టుకుంటారు.

సమ్మె అనేది వేరే దారి కాదు, ఈ బేరానికి వెనకున్న బలం. కానీ లెక్క వేసుకోవాలి. 680 కూలి ఉన్నచోట 40 రూపాయల కోసం పది రోజులు పని ఆపితే మనిషికి 6,800 పోతుంది. ఆ 40 గెలిచినా పోయింది రాబట్టడానికి 170 పని దినాలు పడుతుంది, అంటే నెలకు 26 రోజుల లెక్కన ఆరున్నర నెలలు. పైగా పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని నోటీసు లేకుండా పని మానేస్తే ఎనిమిది రోజుల కూలి దాకా అదనంగా కోసుకునే వీలు కూడా చట్టంలో ఓనరుకు ఉంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ ఫ్యాక్టరీలోనైనా 14 రోజుల ముందు సమ్మె నోటీసు ఇవ్వాలి. పాత చట్టంలో నోటీసు నియమం నీళ్లు, కరెంటు లాంటి ప్రజా వినియోగ సేవలకే ఉండేది. సగం మంది, లేదా అంతకంటే ఎక్కువమంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా ఇప్పుడు అది సమ్మె కిందికే వస్తుంది. పాత అలవాటుతో "రేపట్నుంచి మిషన్లు ఆపేస్తాం" అంటే చిక్కుల్లో పడేది మనమే.

లేబర్ ఆఫీసులో రాజీ

నోటీసు ఇవ్వగానే వ్యవహారం ఎలాగూ ఇక్కడికే వస్తుంది. మామూలు వివాదంలో 45 రోజుల్లో, సమ్మె నోటీసు ఉన్నచోట 14 రోజుల్లో రాజీ ప్రయత్నం ముగించి అధికారి రిపోర్టు రాయాలి. ఒక చిన్న సంగతి, దీంట్లో పడి నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు: ఫ్యాక్టరీ అయితే రాష్ట్ర లేబర్ ఆఫీసు, రాయి తీసే క్వారీ అయితే అది గని, కేంద్ర ప్రభుత్వం పరిధి. ఒకే ఓనరుకు క్వారీ, పాలిష్ ఫ్యాక్టరీ రెండూ ఉంటే రెండు ఆఫీసులు. మా ఓనరు లాంటివాళ్లు తాడిపత్రిలో వీధికి నలుగురు.

లేబర్ ఆఫీసు దారికి నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం అధికారి తెలివి కాదు, కాగితం బలం. ఆఫీసులో రాజీ ప్రక్రియలో కుదిరిన ఒప్పందం అక్కడున్న కార్మికులందరికీ వర్తిస్తుంది, మీ యూనియన్‌లో లేనివాళ్లకు, రేపు చేరబోయేవాళ్లకు కూడా. బయట మీరు మీరే కూర్చుని రాసుకున్న ఒప్పందం సంతకం పెట్టిన పక్షాలను మాత్రమే కట్టేస్తుంది. పైగా దాని కాపీ లేబర్ ఆఫీసుకు పంపకపోతే చట్టం దృష్టిలో అది ఒప్పందమే కాదు. మా మొదటి 630 సంగతి ఇదే. తెల్లకాగితం మీద రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, నలుగురు సాక్షులతో సంతకాలు పెట్టించి, దేవుడి పటం ముందు పెట్టి ఫోటో కూడా తీసుకున్నాం. కాపీ ఎవరికీ పంపలేదు. ఎనిమిది నెలల తర్వాత మార్కెట్ పడిపోయిందని చెప్పి కొత్తగా చేరిన పిల్లలకు, ఎక్కువగా బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు, 560 లెక్కనే ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ కాగితం తీసుకుని లేబర్ ఆఫీసుకు పోతే అక్కడి క్లర్కు తిప్పి చూసి, "ఫోటో బాగుందన్నా" అన్నాడు.

ఆర్బిట్రేషన్, మామూలు పద్ధతి

ఇది కొత్త సంగతి కాదు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 1956 సవరణతో 10ఎ సెక్షన్ వచ్చింది, ఇష్టపూర్వకంగా ఆర్బిట్రేటర్‌కు అప్పగించుకోవచ్చని. 1967లో దీన్ని ప్రోత్సహించడానికి జాతీయ బోర్డు కూడా పెట్టారు. అయినా మన దేశంలో ఇది పెద్దగా పట్టుకోలేదు. కొత్త కోడ్‌లో కూడా ఈ దారి ఉంది. మీరు, ఓనరు కలిసి రాతపూర్వకంగా ఒప్పుకుని, ఆర్బిట్రేటర్ పేరు రాసి, సంతకాలు పెట్టి, కాపీలు ప్రభుత్వానికి, రాజీ అధికారికి పంపాలి. ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే ఆ విచారణ జరుగుతున్నంత కాలం, ముగిశాక మరో 60 రోజులు సమ్మె చేయకూడదు. అంటే సంతకం పెట్టే ముందే మీ చేతిలోని కర్ర కింద పెడుతున్నారన్న సంగతి తెలిసి పెట్టాలి.

దీనిలో నిజమైన మేలు ఏమిటంటే పరువు. మన దేశంలో దీనికి 1918 అహ్మదాబాద్ మిల్లుల గొడవను మించిన ఉదాహరణ లేదు. ప్లేగు రోజుల్లో ఇచ్చిన అదనపు కూలి, అదే ప్లేగు బోనస్, ఆపేశాక కార్మికులు మొదట 50 శాతం పెంపు అడిగారు, మిల్లు యజమానులు 20 అన్నారు. గాంధీ లెక్కలు చూసి 35 న్యాయమని చెప్పి, కార్మికులతో అదే పట్టు పట్టించాడు. తమాషా ఏమిటంటే యజమానుల వైపు అంబాలాల్ సారాభాయ్, కార్మికుల వైపు ఆయన అక్క అనసూయ. గాంధీ మూడు రోజుల నిరాహార దీక్షతో తెగిన ఒప్పందం చూడండి: మొదటి రోజు 35 శాతం, కార్మికుల ప్రతిజ్ఞ నిలబడింది. రెండో రోజు 20 శాతం, యజమానుల మాట నిలబడింది. మూడో రోజు నుంచి 27.5, అంటే సరిగ్గా నడిమి, అదీ ఆర్బిట్రేటర్ ఆనందశంకర్ ధ్రువ తీర్పు వచ్చే దాకా. ఆ తర్వాత ధ్రువ 35 ఇచ్చాడు. ఒక్కో రోజు జీతంతో రెండు వైపులా మొహాలు నిలబెట్టిన ఈ ఏర్పాటు మా లోడింగ్ మేస్త్రీకి చెబితే, "బలే పంచాయితీ సామీ" అని పడి పడి నవ్వాడు. నవ్వినా, ధ్రువ అనే ఒక మనిషి మీద రెండు వైపులా నమ్మకం లేకపోతే అది అయ్యేది కాదు. ఇంకో సంగతి గమనించారా, 50 నుంచి 35కు దిగింది ఆర్బిట్రేటర్ ముందు కాదు, అంతకు ముందే. లెక్క చూసి దిగిన అంకె కాబట్టే ఆఖరున అదే గెలిచింది.

కమిటీ నాయకుడికి కూడా ఇందులో ఒక సుఖముంది, ఎవరూ పైకి చెప్పరు గానీ. 900 అని జనాన్ని ఊరించి 690కి తనే ఒప్పుకుంటే వాణ్ణి అమ్ముడుపోయాడంటారు. అదే 690 ఆర్బిట్రేటర్ చెబితే "ఏం చేద్దాం, ఆయన అట్ల చెప్పినాడు" అనొచ్చు. ఓనరుకూ అంతే, పక్క ఫ్యాక్టరీ ఓనర్లు "నువ్వు ఎక్కువ ఇచ్చి మా కూలీలను చెడగొడుతున్నావ్" అంటే చూపించడానికి ఒక తీర్పు ఉంటుంది. ఇది తప్పని నేననను. కానీ ప్రతిసారీ ఇదే సుఖానికి అలవాటు పడితే, బేరమాడే కమిటీ పోయి దరఖాస్తులు రాసే కమిటీ మిగులుతుంది.

బ్యాంకు ఉద్యోగుల కథ దీనికి తిరగేసిన కథ. 1950లలో వాళ్ల జీతాలు ట్రిబ్యునళ్లే, అంటే పారిశ్రామిక వివాదాల కోర్టులే, తేల్చేవి. 1953లో శాస్త్రి అవార్డు, 1962లో దేశాయ్ అవార్డు (అవార్డంటే ఇక్కడ తీర్పు). 1966 నుంచి ద్వైపాక్షిక ఒప్పందాల్లోకి వచ్చేశారు, మన కడప బ్రాంచిలో ఏ క్లర్కునడిగినా బైపార్టైట్ అని ఊతపదంలా చెప్తాడు. 2024 మార్చిలో సంతకాలైన పన్నెండోది 17 శాతం పెంపు ఇచ్చింది, 2022 నవంబర్ నుంచి లెక్క. ఆలస్యమైంది నిజమే, కానీ ఏది ఇచ్చి ఏది తీసుకోవాలో వాళ్లే తేల్చుకున్నారు.

ఆఖరి అంకె పద్ధతి

నాకు బాగా నచ్చింది, జనానికి బాగా భయం పుట్టించేది ఇది. 1966లో కార్ల్ స్టీవెన్స్ అనే ఆయన ప్రతిపాదించాడు, 1974 నుంచి అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ల జీతాల్లో వాడుతున్నారు. నియమం చాలా చిన్నది: ఇద్దరూ తలొక ఆఖరి అంకె కవర్లో పెట్టి ఇస్తారు, ఆర్బిట్రేటర్ ఆ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. నడిమికి కోయకూడదు, తన సొంత అంకె పెట్టకూడదు.

ఇది బేరాన్ని ఎలా మారుస్తుందో మా మూడో విడత ముందు కమిటీలో బోర్డు మీద రాసి చూపించాను. ఆర్బిట్రేటర్ మనసులో న్యాయమైన కూలి 750 అనుకుందాం. ఓనరు 720 రాశాడు, అంటే 30 దూరం. మనం 790 రాస్తే 40 దూరం. ఓనరు అంకె దగ్గర, మనకు 720 వస్తుంది. అదే మనం 770 రాసి ఉంటే దూరం 20, మన అంకె గెలుస్తుంది, 770 వస్తుంది. 20 రూపాయలు తగ్గించి అడిగితే 50 రూపాయలు ఎక్కువ వచ్చింది. "ఇదేంది, తక్కువ అడిగితే ఎక్కువ వస్తాదా" అని 900 రాయించిన పెద్దాయన చాలాసేపు బోర్డు వంకే చూశాడు. ఓనరు వైపూ అదే భయం, కాబట్టి అతనూ పైకి జరుగుతాడు. ఇద్దరూ అలా దగ్గరికి జరిగాక, మిగిలిన పది ఇరవై కోసం ఆర్బిట్రేటర్ దాకా పోవడం ఎందుకని మధ్యలోనే తెగిపోవడం ఎక్కువ.

గెలుపు లెక్క మాత్రం చూసి మోసపోకండి. న్యూజెర్సీలో 1977 చట్టం కింద పోలీసుల జీతాల వివాదాలు ఇలా తేల్చినప్పుడు మూడింట రెండు వంతుల దాకా యూనియన్ల అంకెలే గెలిచాయి. అంటే ఆర్బిట్రేటర్లు పోలీసుల వైపు ఉన్నారని కాదు, ఓడిపోతామన్న భయం ఉన్నవాడు ముందే తగ్గించి రాస్తాడు, తగ్గించి రాసినవాడు ఎక్కువసార్లు గెలుస్తాడు, గెలిచిన ప్రతిసారీ కాస్త తక్కువకే గెలుస్తాడు.

మన చట్టంలో ఈ పేరుతో పద్ధతి ఏదీ లేదు. మేం ఆర్బిట్రేషన్ ఒప్పందంలోనే, రెండు అంకెల్లో ఒకదాన్ని మాత్రమే ఎంచుకోవాలని ఒక వాక్యం రాసుకున్నాం. ఒక్క కూలి రేటు మీద గొడవ ఉన్నప్పుడే ఇది వాడండి. పది డిమాండ్లు కట్టగట్టి ఒకే కవర్లో పెడితే, కూలి న్యాయంగా రాసిన ఓనరు దాని కింద బోనస్ ఎత్తేసే వాక్యం దూరుస్తాడు, ఆర్బిట్రేటర్‌కు అది కలిపి ఎంచుకోక తప్పదు. ఇంకోటి, మన దగ్గర లెక్కలు లేకపోతే దీని జోలికి పోవద్దు. ఆయన మనసులో ఎంతుందో ఊహించలేనివాడికి ఇది మట్కానే.

ట్రిబ్యునల్

రాజీ విఫలమయ్యాక ఇప్పుడు ప్రభుత్వం అప్పగించే దాకా ఎదురుచూడక్కర్లేదు, 90 రోజుల్లో నేరుగా ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కేసు నడుస్తున్నంత కాలం వివాదంలో ఉన్న పని షరతులను ఓనరు మనకు నష్టం వచ్చేలా మార్చకూడదన్నది రక్షణ, మనం సమ్మె చేయకూడదన్నది ధర. ఏళ్లు పడుతుంది. సీజన్‌కు వచ్చి పోయే పిల్లలున్న ఫ్యాక్టరీకి దీన్ని నేను సలహా ఇవ్వను, తీర్పు వచ్చేసరికి అడిగినవాడే ఉండడు. ఓనరు మొహం చూడటానికి కూడా ఒప్పుకోనప్పుడు, కనీస వేతనమే ఎగ్గొడుతున్నప్పుడు, లేదా యూనియన్ పెట్టాడని ఒకణ్ణి తీసేసినప్పుడు మాత్రం వేరే మాట లేదు, పోవాల్సిందే.

ఎవరు ఎటు

మీ దగ్గర నూటికి 51 మంది సభ్యత్వం ఉన్న యూనియన్ ఉంటే కొత్త కోడ్ కింద బేరమాడే యూనియన్ మీదే, నేరుగా బేరమే పట్టుకోండి, ఒప్పందాన్ని మాత్రం లేబర్ ఆఫీసులో రాజీ ఒప్పందంగా రాయించండి. రెండు మూడు యూనియన్లు ఒకరినొకరు తిట్టుకుంటూ, ఎవరికీ 51 లేకపోతే, కనీసం 20 శాతం ఉన్న యూనియన్లన్నిటితో బేరమాడే కౌన్సిల్ ఏర్పడుతుంది. అలాంటి చోట ఎవరు ఎంతకు ఒప్పుకున్నా రెండోవాడు ద్రోహి అంటాడు కాబట్టి మామూలు ఆర్బిట్రేషన్ నిజంగా పనికొస్తుంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీలు అడిగితే నా మొదటి మాట ఒకటే: కాంట్రాక్టర్ ఒక్కడితో సంతకం పెట్టించుకుంటే ఏడాదికి కాంట్రాక్టు మారిపోతుంది, ఆ కాగితం కూడా పోతుంది. కంపెనీని కూడా పక్షంగా చేర్చందే ఏ దారీ దారి కాదు.

ఇద్దరి మధ్య తేడా చిన్నదై, లెక్కల మీద నమ్మకముంటే ఆఖరి అంకె. తేడా మరీ పెద్దదై ఫ్యాక్టరీ నష్టాల్లో ఉందా లేదా అన్నదే గొడవైతే మామూలు ఆర్బిట్రేషన్ మేలు, ఎందుకంటే బ్యాలెన్సు షీటు అడిగి చూసేవాడు కావాలి. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి: కనీస వేతనం విషయంలో "నాకు ఇచ్చే శక్తి లేదు" అన్న వాదన చెల్లదు, అది ఇవ్వలేనివాడికి ఫ్యాక్టరీ నడిపే హక్కే లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. దాని పైన అడిగే కూలికే శక్తి లెక్క వస్తుంది. అప్పుడు ఆర్బిట్రేటర్ చూసేది రెండు మూడే: ఇదే ప్రాంతంలో ఇదే పనికి మిగతావాళ్లు ఎంత ఇస్తున్నారు, ధరలు ఎంత పెరిగాయి, సంస్థ మోయగలదా. కుటుంబ అవసరం లెక్క చెప్పాలంటే 1957 భారత కార్మిక మహాసభ కొలతలు ఇప్పటికీ పనికొస్తాయి: ముగ్గురు తినేవాళ్ల లెక్కన మనిషికి 2,700 కేలరీల తిండి, ఏడాదికి కుటుంబానికి 72 గజాల బట్ట, ఇంటద్దె, కట్టెలు దీపాలు. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం లాంటివాటికి ఇంకో 25 శాతం కలపమంది. మేం తాడిపత్రి సంతలో కందిపప్పు, నూనె, బియ్యం ధరలు పదిహేను రోజులు రాసుకుని ఈ లెక్క వేశాం. ఉపన్యాసాల కంటే ఆ ఒక్క పేజీనే పని చేసింది.

ఆర్బిట్రేటర్‌గా ఎవరిని పెట్టుకోవాలి? ఓట్లు కావాల్సినవాణ్ణి వద్దు, ఏ పార్టీ అయినా సరే. ఆయన తీర్పు కూలి గురించి ఉండదు, వచ్చే ఎన్నికల గురించి ఉంటుంది. ఊర్లో భయపెట్టి తీర్పు నిలబెట్టగలవాణ్ణి అసలే వద్దు, అలాంటివాడు ఇచ్చిన 50 రూపాయలకు మనం ఇంకేదో రూపంలో జీవితాంతం బాకీ. రిటైరైన లేబర్ అధికారి, జడ్జి, లేదా ఆడిటర్ మంచిది. ఫీజు చెరి సగం కట్టండి. మొత్తం ఓనరు కడితే మీకు అనుమానం, మీరు కడితే ఓనరుకు.

మా మూడో విడత ఇలా జరిగింది. ముందు ఆరు వారాలు బేరం, ఆర్బిట్రేషన్ మాట ఎత్తకూడదని కమిటీలోనే కట్టుబాటు. కరెంటు పోయిన రోజు సగం కూలి, గ్లౌజులు ఓనరువి, బ్లేడు మార్చే సమయం గంట దాకా లెక్కలోకి, ఇవన్నీ అక్కడే తెగాయి. కూలి ఒక్కటే మిగిలింది. అప్పుడు అనంతపురం నుంచి ఒక ఆడిటర్‌ను ఒప్పించి కవర్లు ఇచ్చాం. మర్నాడు పదకొండుకు తెరవాలి. రాత్రి తొమ్మిదిన్నరకు ఓనరు ఫోన్ చేసి "నువ్వెంత రాసినావు?" అన్నాడు. నేను చెప్పలేదు, "మీరెంత రాసినారు సార్?" అన్నాను. అతనూ చెప్పలేదు. ఇరవై నిమిషాలు పప్పు ధరల గురించి మాట్లాడుకుని 755 దగ్గర ఆగాం, పొద్దున లేబర్ ఆఫీసుకు పోయి సంతకాలు పెట్టాం. 900 రాయించిన పెద్దాయన ఇప్పటికీ అంటాడు, కవరు తెరిచి ఉంటే 770 వచ్చేదని. ఓనరు తన కవరు తిరిగి ఇమ్మని ఆడిటర్‌ను రెండుసార్లు అడిగాడట. ఆడిటర్ రెండు కవర్లూ చించేసి, ఫీజు మాత్రం పూర్తిగా తీసుకున్నాడు.